పాట కింద ఎవరి పేరు?

1838 డిసెంబర్ 13న సిడ్నీ పత్రిక 'ది ఆస్ట్రేలియన్'లో ఒక కవిత అచ్చయింది. తనవాళ్లను పోగొట్టుకున్న ఆదివాసీ తల్లి బిడ్డనెత్తుకుని పారిపోతోంది. ఏడిస్తే తెల్లవాళ్లకు వినబడుతుంది, ఊరుకో నాన్నా అని బతిమాలుతోంది. రాసింది ఎలైజా హామిల్టన్ డన్‌లప్. ఐర్లండ్‌లో పుట్టి, ఆ ఏడాదే అక్కడికి వలస వచ్చిన మనిషి.

ఇది గాల్లోంచి పుట్టిన కవిత కాదు. అదే ఏడాది జూన్ 10న న్యూ సౌత్ వేల్స్‌లోని మయాల్ క్రీక్ దగ్గర కనీసం 28 మంది విర్రయరాయ్ తెగ ఆదివాసీలను వలస వచ్చినవాళ్లు చంపేశారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. మొదటి విచారణలో నిందితులందరూ నిర్దోషులన్నారు. రెండోసారి ఏడుగురికి ఉరి పడింది. ఆ ఉరి అమలైంది డిసెంబర్ 18న. అంటే కవిత అచ్చయిన రోజుకి వాళ్లింకా జైల్లో బతికే ఉన్నారు. వాళ్లను వదిలేయాలని తెల్లవాళ్లలో ఎంతోమంది గట్టిగా అడుగుతున్నారు. ఆ వేడిలో హతుల వైపు నిలబడి రాయడానికి ఎంత గుండె కావాలి! 1841లో సంగీతకర్త ఐజాక్ నేథన్ ఆ కవితకు బాణీ కట్టి కచేరీలో వినిపిస్తే పత్రికల్లో విమర్శలు వచ్చాయి. ఆమె జవాబు రాశారే తప్ప వెనక్కి తగ్గలేదు.

అయినా ఆ తల్లి మాట్లాడేది డన్‌లప్ ఇంగ్లీషే. ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు ఇంకా విలువైనదనిపిస్తుంది. భర్త మేజిస్ట్రేటుగా ఉన్న వొలొంబి అనే ఊళ్లో అక్కడి ఆదివాసీల పాటలు, మాటలు విని రాసుకున్నారు. 1848 అక్టోబర్ 11న 'సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్'లో ఒక పాటను ముందు వాళ్ల భాషలోనే అచ్చు వేయించి, కింద తన ఇంగ్లీషు కవిత ఇచ్చారు. అందులోనూ 'గిబ్బర్ గన్యా' అన్న మాటను అలాగే ఉంచేశారు. కొండరాతి గుహే ఇల్లు అన్నమాట. ప్రాసలూ నడకా మాత్రం ఇంగ్లీషు కవిత్వానివే.

తర్వాతివాళ్లలో ఎక్కువమంది ఆ శ్రమ పడలేదు. 1860లలో ఆస్ట్రేలియా కవి హెన్రీ కెండాల్, ఒక ఆదివాసీ తన తెగలో ఆఖరివాడిగా మిగిలి దిగులుగా కూర్చున్నట్టు రాసిన కవిత బాగా పేరు తెచ్చుకుంది. మనుషులు బతికుండగానే వాళ్లకు సంతాపం రాయడం ఒక ఫ్యాషనైపోయింది.

వలస పాలన ముగిసినా వాళ్ల గొంతును పక్కన పెట్టే అలవాటు పోలేదు. 1920లలో న్గారిన్‌జెరి అనే ఆదివాసీ తెగకు చెందిన రచయిత డేవిడ్ యునైపన్ పురాణకథలు సేకరించి రాస్తే, ఆ రాతప్రతి హక్కులు చేతులు మారాయి. 1930లో అది విలియం రామ్‌సే స్మిత్ అనే తెల్ల డాక్టరు పేరుతో వెలువడింది. లోపల యునైపన్ పేరే లేదు. 1995లో ఆస్ట్రేలియా 50 డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ వేసింది. ఆ రాతప్రతి ఆయన పేరుతో పుస్తకంగా రావడానికి మాత్రం 2001 దాకా పట్టింది.