పదో మనిషి కోసం

ఆగస్టు 2026

చిన్నోడికీ, బుజ్జికీ,

"తాతా, యూదుల గుడిలో విగ్రహం ఉండదంట కదా, మరి అక్కడికెళ్లి ఏం చేస్తారు?" అని మొన్న బుజ్జి అడిగితే ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

నేను ముంబైలో ప్రెస్సులో పనిచేసేవాణ్ని కదా. ఉండేది కామాటిపురాలో మన తెలుగువాళ్ల గల్లీలో. ప్రెస్సేమో మస్జిద్ బందర్ స్టేషన్ దగ్గర. ఆ పేరు విని, అక్కడేదో పెద్ద మసీదు ఉండి ఉంటుందని చాలా రోజులు అనుకున్నాను. కానీ స్టేషన్‌కు ఆ పేరు వచ్చింది యూదుల మందిరం వల్లనని అంటారు. అది 1796లో కట్టింది. చుట్టుపక్కలవాళ్లు దాన్ని కూడా మసీదనే పిలిచేవారట. అసలు పేరు 'షార్ హరహమీమ్', కరుణా ద్వారం అని అర్థం. యూదుల మందిరాన్ని సినగాగు అంటారు. మన తెలుగు బైబిల్లో దాన్ని 'సమాజమందిరం' అని రాశారు. ఆ మాట చాలా బాగా కుదిరిందని నాకు అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

ప్రెస్సులో నా పక్క మిషన్ మీద ఒకాయన ఉండేవాడు. బెనే ఇజ్రాయేల్ అని, ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే యూదులు. వాళ్ల పూర్వీకుల ఓడ అలీబాగ్ దగ్గర పగిలిపోయిందనీ, ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు మాత్రం ఒడ్డుకు చేరారనీ చెప్పుకుంటారు. కొంకణ్ ఊళ్లలో గానుగ ఆడించి బతికారు. శనివారం మాత్రం ఎద్దును గానుగకు కట్టేవారు కాదు. అందుకే ఊరివాళ్లు వాళ్లను 'శన్వార్ తేలీ' అన్నారు. శనివారం పని చేయని గాండ్లవాళ్లు అన్నమాట. ఈయన కూడా అంతే. ఆయన శనివారం డ్యూటీ నేను చేసేవాణ్ని, నా ఆదివారం డ్యూటీ ఆయన చేసేవాడు.

ఒకరోజు సాయంత్రం షిఫ్ట్ అయ్యాక, "ఇవాళ మా నాన్న పోయిన తిథి, నాతో రా" అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్లాను. లోపల పడమటి గోడకు, అంటే జెరూసలేం దిక్కుగా, ఒక పెద్ద అల్మారా, దానికి తెర. అందులో తోలు మీద చేత్తో రాసిన తోరా, అంటే వాళ్ల ధర్మగ్రంథం, చుట్టలు ఉంటాయి. బుజ్జీ, నువ్వడిగిన విగ్రహం చోటులో ఉండేది అదే, అక్షరం. ప్రతి శనివారం కొంత చొప్పున చదువుతూ ఏడాదికి మొత్తం పూర్తి చేస్తారు.

ఆ రోజు అందరూ వచ్చి కూర్చున్నారు గానీ ప్రార్థన మొదలుకాదు. సంగతేమిటంటే పోయినవాళ్ల కోసం కొడుకు చదివే 'కడ్డీష్' చదవాలంటే పదమూడేళ్లు దాటిన యూదు మగవాళ్లు పదిమంది ఉండాలి. ఆ పదిమందిని 'మిన్యాన్' అంటారు. (ఇప్పుడు కొన్ని శాఖలవాళ్లు ఆడవాళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు.) పైగా మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదట. పది మాటలున్న ఒక కీర్తన వాక్యం ఉంది, మనిషికో మాట చొప్పున అనుకుంటూ పోతారు. మన కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు 'ఒకటి' అనకుండా 'లాభం' అంటామే, నాకు అదే గుర్తొచ్చింది. ఒక పెద్దాయన వాక్యం అందుకున్నాడు. చివరి మాట మిగిలిపోయింది.

"నన్ను కలుపుకోండి" అన్నాను అమాయకంగా. అందరూ నవ్వారు. "నువ్వు గేటు దగ్గర నిలబడు, టోపీ ఉన్నవాడు కనిపిస్తే పట్టుకురా" అన్నారు. ఇరానీ హోటల్ నుంచి ఎవరో ఫోన్లు చేశారు. ముప్పావుగంటకు లోకల్ రైలు దిగి ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు, చేతిలో టిఫిన్ డబ్బా కూడా ఉంది. నా మిత్రుడు అప్పుడు లేచి తండ్రి కోసం చదివాడు. ఆ కుర్రాడు ఆయన తండ్రిని ఎప్పుడూ చూడనే లేదు.

సమాజమందిరం అనే మాట బాగా కుదిరింది అన్నది ఇందుకే. 1948 తర్వాత చాలామంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. మన దేశంలో ఇప్పుడు కొన్ని వేలమందే ఉన్నారు. మన వైపు కూడా లేకపోలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 'బెనే ఎఫ్రాయీం' అనే తెలుగు కుటుంబాలు చిన్న సినగాగు పెట్టుకున్నాయి.

ఇక వచ్చే నెలంతా వాళ్లకు పండుగలే. తేదీలు గుర్తుపెట్టుకోవడానికి మన పంచాంగం చాలు, ఎందుకంటే వాళ్లదీ చంద్రుణ్ని చూసి నడిచే లెక్కే. మనకు మొన్న అధిక జ్యేష్ఠం వచ్చింది కదా, వాళ్లకూ పంతొమ్మిదేళ్లలో ఏడుసార్లు అధిక మాసం వస్తుంది. ఈసారిది వచ్చే ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడుతుంది.

సెప్టెంబరు 11 అమావాస్య. ఆ సాయంత్రం వాళ్ల కొత్త సంవత్సరం 5787 మొదలవుతుంది. వాళ్లకు రోజు పొద్దు గుంకాక మొదలవుతుంది మరి. ఇళ్లలో కొబ్బరిపాలు పోసి హల్వా వండుతారు, తేనెతో ఆపిల్ ముక్కలు తింటారు. సినగాగులో పొట్టేలు కొమ్ముతో చేసిన బూర ఊదుతారు, వంద ఊదులు. ఈసారి మొదటి రోజు శనివారం పడింది కాబట్టి ఆ రోజు ఊదరు, ఆదివారమే. మన వినాయక చవితి ఆ మరునాడే.

దశమి నాడు, అంటే 20 సాయంత్రం నుంచి 21 రాత్రి దాకా, యోమ్ కిప్పూర్. పాతిక గంటలు మంచినీళ్లు కూడా ముట్టరు. అంతకుముందే ఎవరి మనసైనా నొప్పించి ఉంటే వెళ్లి క్షమాపణ అడుగుతారు. నా మిత్రుడు ఏటా నా దగ్గరకూ వచ్చేవాడు. శనివారం డ్యూటీల బాధ పెట్టినందుకట!

పౌర్ణమికి సుక్కోత్, 'పర్ణశాలల పండుగ'. ఆకులతో పందిరి వేసి వారం రోజులు అందులోనే భోజనం. పైకప్పు సందుల్లోంచి చుక్కలు కనబడాలి. వాన పడితే లోపలికి పోవచ్చు. సెప్టెంబరులో ముంబైలో ఆ వెసులుబాటు ఎంత పనికొచ్చేదో! వానలో అన్నం గిన్నెలు ఎత్తుకుని పరిగెత్తడం చూశాను. అక్టోబరు 4న తోరా చివరి మాట చదివి, అదే రోజు మళ్లీ మొదటి మాట నుంచి అందుకుంటారు. చుట్టలు ఎత్తుకుని నాట్యం చేస్తారు. మిఠాయిల కోసం పిల్లల గోలంతా ఆ రోజే. మొక్కు తీరితే వాళ్లు చేసే 'మలీదా'లో అటుకులు, బెల్లం, కొబ్బరి ఉంటాయి. అది నేను చాలాసార్లు తిన్నాను.

మిత్రుడు ఇప్పుడు ఇజ్రాయెల్‌లో కొడుకు దగ్గర ఉన్నాడు. "ఇక్కడ పదిమందికి కొదవ లేదు. శనివారం దేశమంతా సెలవు, డ్యూటీ మార్చుకోవడానికి నీతో పనే లేదు" అంటాడు. సెప్టెంబరు 13 ఆదివారం మీ చేత కూడా మాట్లాడిస్తాను. 'షనా తోవా' అనండి, మంచి సంవత్సరం అని. కానీ మనకు రాత్రి పదిన్నర దాకా ఆగాలి. అక్కడ చీకటి పడి పండుగ ముగిసేలోపు చేస్తే ఫోన్ ఎత్తడు.

మీ తాత