మెరుపు పికాచుది, శిక్ష పోరిగాన్‌ది

2024 జనవరి 20, శనివారం. మధ్యాహ్నం రెండు దాటింది. ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి మ్యూజియం ఎదుట మా మేనల్లుడు ఎండను లెక్కచెయ్యకుండా ఫోన్ పట్టుకుని తిరుగుతున్నాడు. వాడు ఆడుతున్నది పొకెమాన్ గో, బయట తిరుగుతూ పొకెమాన్లనే ఊహాజీవుల్ని పట్టే ఫోన్ ఆట. అందులో ఆ రోజు ఐదింటి వరకూ ఎటు తిరిగినా ఒకటే జీవి: గులాబీ ఒళ్లు, నీలం ముక్కు, కాగితం మడిచి చేసిన బాతులాంటి పోరిగాన్. పదో పన్నెండో పట్టాక వాడు అడిగాడు, "మావయ్యా, ఇది టీవీలో ఎప్పుడూ కనిపించదేంటి?"

ఇదే ప్రశ్న చిన్నప్పుడు నాకూ వచ్చింది. మర్రిపాలెంలో బడి నుంచి రాగానే బ్యాగు విసిరేసి కార్టూన్ నెట్‌వర్క్ ముందు కూర్చునేవాణ్ని. నోట్సు వెనక పేజీల్లో మొదటి 151 పొకెమాన్ల పేర్లు రాసుకుని, టీవీలో చూసినదానికల్లా టిక్కు పెట్టేవాణ్ని. 137వ నంబరు పక్కన ఎన్నాళ్లు చూసినా టిక్కు పడలేదు. ఆ నంబరు పోరిగాన్‌ది.

పొకెమాన్ మొదటి ఆటలు రెడ్, గ్రీన్ 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో, చేత్తో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ మీద వచ్చాయి. వాటిలో ఎలుకలు, చేపలు, తీగలు, దయ్యాలు ఉన్నాయి. పోరిగాన్ వీటిలో దేనికీ చెందదు. అది పూర్తిగా ప్రోగ్రాం కోడ్‌తో మనుషులు తయారుచేసిన జీవి, కంప్యూటర్ల లోపల స్వేచ్ఛగా తిరగగలదు. పేరు పాలిగాన్ అనే మాట నుంచి, అంటే బహుభుజి నుంచి, వచ్చింది. టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్‌లో, అదే ఏడాది వచ్చిన నింటెండో 64లో బొమ్మలన్నీ పలకలు పలకలుగా కోణాలు తేలి ఉండేవి. ఆ కాలపు త్రీడీ గ్రాఫిక్స్ ఎలా ఉండేవో, దాని ఒళ్లూ అలాగే ఉంటుంది. నాలుగు ఛాయలు తప్ప రంగే లేని గేమ్‌బాయ్ తెర మీద, చిన్న చదరంలో, రాబోయే త్రీడీని గీసి చూపించారు. మొదటి 151లో ఇంత తెలివైన రూపకల్పన మరొకటి లేదని నా నమ్మకం.

దొరకడమూ కష్టమే. గడ్డిలో తిరిగితే ఎదురుపడదు. సెలడాన్ ఊళ్లోని జూదశాలలో నాణేలు పోగేసి కొనుక్కోవాలి. రెడ్‌లో దాని వెల 9,999 నాణేలు. నాణేల పెట్టెలో పట్టేవే అన్ని.

ఇక ఆ సాయంత్రం. 1997 డిసెంబర్ 16న జపాన్ ఛానల్ టీవీ టోక్యోలో పొకెమాన్ కార్టూన్ 38వ భాగం వచ్చింది. శీర్షికలోనే పోరిగాన్ పేరుంది. పొకెమాన్లను ఒకచోటి నుంచి మరోచోటికి పంపే కంప్యూటర్ చెడిపోతే, బాగుచేయడానికి కథలోని పిల్లలు పోరిగాన్ సాయంతో దాని లోపలికి వెళతారు. యాంటీవైరస్ వాళ్లనే వైరస్ అనుకుని క్షిపణులు వదులుతుంది. వాటిని పేల్చింది, వాళ్ల వెంట ఉండే పసుపు ఎలుకలాంటి పొకెమాన్ పికాచు వేసిన మెరుపు. ఆ పేలుడుకి తెర మీద ఎరుపు, నీలం సెకనుకి సుమారు 12 సార్లు మారుతూ కొన్ని సెకన్లపాటు కొట్టుకున్నాయి. చూస్తున్న పిల్లలకు తలనొప్పి, వాంతులు, కొందరికి ఫిట్స్. 685 మందిని అంబులెన్సుల్లో ఆసుపత్రులకు తీసుకెళ్లారు. చాలామంది త్వరగానే కోలుకున్నారు.

కారణం వైద్యులకు తెలియనిదేమీ కాదు. కొందరి మెదడు వేగంగా మారే వెలుగుకు మూర్ఛతో స్పందిస్తుంది, ముఖ్యంగా ఎరుపు కలిస్తే. చీకటి గదిలో టీవీకి ముక్కు ఆనించి చూస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. రంగులు అలా కొట్టుకునేలా గీసే పద్ధతిని కార్టూన్లు అంతకుముందు నుంచే వాడుతున్నాయి. అదే ఏడాది మార్చిలో వేరే కార్టూన్ చూసి నలుగురు పిల్లలు ఆసుపత్రిలో చేరారు కూడా. అప్పుడే మేలుకుని ఉంటే డిసెంబర్ దాకా వచ్చేది కాదు.

కార్టూన్ నాలుగు నెలలు ఆగి, 1998 ఏప్రిల్ 16న మళ్లీ మొదలైంది. జపాన్ ప్రసార సంస్థలు తెర మీద మెరుపులకు హద్దులు పెట్టుకున్నాయి. గదిలో దీపం వేసుకుని టీవీకి దూరంగా కూర్చోమని పిల్లల కార్యక్రమాల ముందు అక్షరాలు వేయడం ఆనవాయితీ అయింది. ఇదంతా మంచిదే. కానీ ఆ భాగాన్ని మళ్లీ వెయ్యలేదు, జపాన్ బయట అసలు వెయ్యలేదు. దాంతోపాటు పోరిగాన్‌కూ కథలో పాత్ర లేకుండా పోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. మెరుపు వేసిన పికాచు పొకెమాన్ సంస్థకు ముఖచిత్రం, వ్యాపారానికి ఆయువుపట్టు. దాన్నెవరు పక్కన పెడతారు? శీర్షికలో పేరున్నవాడు దొరికిపోయాడు.

ఫిట్స్ విషయంలో మనవాళ్లు చేసేదీ నాకు ఇలాగే అనిపిస్తుంది. జగదాంబ జంక్షన్‌లో ఎవరైనా పడిపోతే, చేతికందిన తాళాలగుత్తి తెచ్చి గుప్పిట్లో పెడతారు. తాళాలకూ ఫిట్స్‌కూ సంబంధం లేదు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలకీ ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆటల్లో మాత్రం పోరిగాన్‌ను ఎవరూ వెలివేయలేదు. 1999లో గోల్డ్, సిల్వర్‌లో కోణాలన్నీ నునుపుదేలి పోరిగాన్2 అయింది. 2006లో డైమండ్, పెర్ల్ వచ్చేసరికి అనుమానాస్పదమైన డిస్క్ ఎక్కించడంతో తలా ఒళ్లూ విడిపోయి వింతగా ప్రవర్తించే పోరిగాన్-జెడ్‌గా మారింది. కొత్త వెర్షన్, ఆపైన పాడైన వెర్షన్: సాఫ్ట్‌వేర్ జీవితమే దాని పరిణామం. పోటీలాడేవాళ్లు పోరిగాన్2ను గట్టి రక్షణ కోసం ఏరికోరి తీసుకుంటారు. టీవీలో మాత్రం ఈ మూడింటిలో దేనికీ చెప్పుకోదగ్గ పాత్ర రాలేదు.

2020 సెప్టెంబర్‌లో, పొకెమాన్ గోలో పోరిగాన్ రోజు జరిపినప్పుడు, పొకెమాన్ అధికారిక ట్విట్టర్ ఖాతా పోరిగాన్ ఏ తప్పూ చేయలేదని రాసింది. కాసేపటికే తీసేసింది. ఇరవై మూడేళ్ల తర్వాత ఒక్క వాక్యం, అదీ నిలవలేదు. అభిమానులకు అందుకే ఇంకా మండుతోంది.

ఇదంతా బీచ్ రోడ్డు గోడ మీద కూర్చుని వాడికి చెప్పాను. "అంటే పికాచు చేసిందా?" అన్నాడు నమ్మలేనట్టు. పికాచు కూడా కాదురా, ఆ రంగులు అలా గీసినవాళ్లు, చూసి సరే అన్నవాళ్లు అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, పట్టిన పోరిగాన్లలో ఒకదానికి నక్షత్రం గుర్తు పెట్టుకున్నాడు.