పిల్లలున్న ఇంట్లో పురుగుమందులు, యాసిడ్‌లు: అపోహలు - వాస్తవాలు

నేను పిల్లల డాక్టర్ని. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల పల్లెలవాళ్లు. వరిచేనో, రొయ్యల చెరువో, కొబ్బరితోటో ఇంటికి ఆనుకునే ఉంటుంది. ఈమధ్య తల్లులు నాన్‌స్టిక్ పెనం పారేయాలా, ప్లాస్టిక్ డబ్బా మంచిదేనా, కూరగాయలు దేంతో కడగాలి అని అడుగుతున్నారు. అడగాల్సినవే. కానీ అదే ఇంట్లో బాత్రూం గూట్లో కూల్‌డ్రింక్ సీసాలో యాసిడ్, వసారాలో సగం వాడిన పురుగుమందు డబ్బా ఉంటాయి. ముందు వాటి సంగతి చూడాలని నా అభిప్రాయం. అందుకే అక్కణ్నుంచి మొదలుపెడుతున్నాను.

అపోహ: పురుగుమందు డబ్బా సబ్బుతో బాగా కడిగితే వాడుకోవచ్చు

"రెండుసార్లు వేణ్నీళ్లతో కడిగామండీ, వాసన కూడా లేదండీ" అంటారు. వాసన పోయినంత మాత్రాన మందు పోయినట్టు కాదు. ప్లాస్టిక్ మందును పీల్చుకుంటుంది, తర్వాత అందులో పోసిన నూనెలోకో నీళ్లలోకో మెల్లగా వదులుతుంది. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ ఊళ్లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందని పరీక్షల్లో తేలింది. ఆ నూనె పోసిన డబ్బా అంతకుముందు పురుగుమందుదని అధికారులు చెప్పారు.

మన దగ్గర దీనికి ఇంకో రూపం ఉంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నీళ్లు పట్టుకోవడానికి డ్రమ్ములు కావాలి. చెరువుల మందులు వచ్చిన పెద్ద నీలం డ్రమ్ములు చవగ్గా దొరుకుతాయి. అందులో ముందు ఏముందో అమ్మేవాడికీ తెలియదు. తాగే నీళ్లకు, వంట నీళ్లకు ఆ డ్రమ్ములు వద్దు. డబ్బు చాలకపోతే చిన్నదైనా సరే, ఆహారానికి పనికొచ్చే కొత్తది కొనండి. ఖాళీ అయిన మందు డబ్బాను చేలోనే మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రేయరులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచేయాలి. చిల్లు పడ్డ డబ్బా మళ్లీ వంటింట్లోకి రాదు.

అపోహ: ఆకుపచ్చ త్రికోణం ఉన్న మందు ఇంట్లో ఉన్నా ఫర్వాలేదు

డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అని నాలుగు రంగుల గుర్తులు ఉంటాయి. ఎరుపు అన్నిటికంటే తీవ్రమైనది, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువది. తక్కువ అన్నారంతే, విషం కాదని ఎక్కడా అనలేదు. పైగా పది కిలోల పిల్లాడికి ఎంత తక్కువ మోతాదు చాలో ఆ రంగు చెప్పదు. ఏ రంగుదైనా ఇంటి బయట, తాళం ఉన్న పెట్టెలో ఉండాలి. మంచం కింద, గాదె పక్కన, పశువుల దాణా దగ్గర వద్దు.

ఇక చేలో మందు కొట్టి వచ్చే నాన్నల సంగతి. దాళ్వాలో, అంటే రెండో పంటలో, వరికి పట్టే సుడిదోమకు మందు కొట్టి, అదే లుంగీతో, అదే తువ్వాలుతో వచ్చి బిడ్డను ఎత్తుకుంటారు. ప్రేమతోనే. కానీ మందు బట్టల మీదా, చేతుల మీదా ఉంటుంది. బిడ్డ ఆ భుజాన్నే నోట్లో పెట్టుకుంటుంది. ఆ బట్టలు బయటే విప్పి, సబ్బుతో స్నానం చేశాకే బిడ్డను ముట్టుకోండి. ఆ బట్టలు ఇంట్లో మిగతావాటితో కలపకుండా విడిగా ఉతకండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. చేలో పనిచేసేవాళ్ల ఇంట్లో ఇంతకన్నా పెద్ద జాగ్రత్త నాకు తెలియదు.

అపోహ: కలరా ఉండలు బట్టలకే, బిడ్డనేం చేస్తాయి?

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎవరూ చెప్పరు. పుట్టిన బిడ్డకు కొత్త బట్టలు గరుకుగా ఉంటాయని అమ్మమ్మలు బీరువాలోంచి మెత్తటి పాత నూలు చీరలు తీసి పొత్తిగుడ్డలు చింపుతారు. మంచి అలవాటే. అయితే ఆ చీరలు ఏళ్ల తరబడి కలరా ఉండల మధ్య ఉన్నవి. ఆ ఉండల్లో చాలావాటిలో ఉండేది నాఫ్తలీన్. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది, చూస్తే తెలియదు. అలాంటి బిడ్డ నాఫ్తలీన్ పీల్చినా, అది చర్మంలోంచి లోపలికి వెళ్లినా ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కామెర్లు ఒక్కసారిగా పెరుగుతాయి, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. ఒంటికి నూనె రాసి ఆ గుడ్డలో చుడితే చర్మం దాన్ని ఇంకా సులువుగా పీల్చుకుంటుంది.

అందుకే కాన్పుకు రెండు మూడు నెలల ముందే బీరువాలోంచి ఆ ఉండలు తీసేయండి. పొత్తిగుడ్డలకు తీసిన చీరలు ఒకటికి రెండుసార్లు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరేయండి. వాసన పోకపోతే ఆ చీర బిడ్డకు వద్దు. పాకే పిల్లలున్న ఇంట్లో ఈ ఉండలు అసలే ఉండకూడదు, తెల్లగా మిఠాయిలా కనిపిస్తాయి.

అపోహ: బియ్యానికి బిళ్ల పెడితే పురుగు చస్తుంది, మనకేం కాదు

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. దానికి విరుగుడు మందు లేదు. అది గోదాముల్లో, శిక్షణ ఉన్నవాళ్లు వాడాల్సింది. మనుషులు పడుకునే ఇంట్లో బస్తాకు పెట్టేది కాదు. బోరిక్ పౌడరు కలపడం కూడా మానేయండి. కడిగితే పోతుందనుకుంటారు గానీ అది తినే వస్తువులో కలపాల్సింది కాదు. అమ్మమ్మల పద్ధతి ఇక్కడ నిజంగా మంచిది: ధాన్యం బాగా ఎండాక తేమ తగలకుండా మూత బిగించి దాచడం, పప్పులకు కాస్త ఆముదం పట్టించడం, ఏడాదికి సరిపడా బియ్యం ఒకేసారి ఆడించకుండా కొంచెం కొంచెంగా మరపట్టించుకోవడం.

అపోహ: వాసన ఎంత ఘాటుగా ఉంటే అంత శుభ్రం

వరద తగ్గాక లంకల్లో ఇళ్లు కడిగేటప్పుడు ఈ పొరపాటు ఎక్కువ. బ్లీచింగ్ పౌడరు చల్లి, దాని మీదే బాత్రూం యాసిడ్ పోస్తారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు వేసుకున్న చిన్న బాత్రూంలో ఊపిరాడదు, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. ఒకరోజు ఒకటే వాడండి, తలుపు తీసి ఉంచండి, బాగా నీళ్లు పోసి కడిగాకే రెండోది. రోజూ నేల తుడవడానికి నీళ్లు, కాస్త సబ్బు చాలు. ఫినాయిల్ వాసన రాని ఇల్లు మురికి ఇల్లేమీ కాదు.

అపోహ: దోమల చుట్ట పొగ కొంచెమే కదా

చైనా, మలేసియాల్లో అమ్మే చుట్టల మీద 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని తేలింది. కిటికీలు మూసి, మంచం కింద చుట్ట వెలిగించి, పిల్లల్ని పడుకోబెట్టే ఇళ్లు ఎన్నో. కాలువల మధ్య ఉండే మనకు దోమలతో టెన్షన్ నిజమే, మలేరియా, డెంగీ కూడా నిజమే. కాబట్టి దోమతెర కట్టండి, కిటికీలకు జాలీ కొట్టించండి. ప్లగ్గులో పెట్టే ద్రవంలో పొగ ఉండదు, మందు మాత్రం ఉంటుంది. తప్పనిసరైతే సాయంత్రం కాసేపు పెట్టి, పడుకునే ముందు ఆపేయండి. బిడ్డ స్నానం తర్వాత వేసే సాంబ్రాణి ధూపానికీ ఇదే మాట. పిల్లికూతలు వచ్చే బిడ్డ దగ్గర అసలే వద్దు.

అపోహ: సహజమైనది ఏదైనా పిల్లలకు హాని చేయదు

కర్పూరం మింగిన పిల్లలకు కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. దేవుడి గూడు ఎత్తులో ఉన్నా, కర్పూరం డబ్బా మాత్రం కింద ఉంటుంది. వేపనూనె నులిపురుగులకు మంచిదని చంటిపిల్లల నోట్లో పోస్తారు. దానివల్ల కాలేయం, మెదడు దెబ్బతిన్న పిల్లల గురించి వైద్య పత్రికల్లో నమోదై ఉంది. రెండూ నోట్లోకి వెళ్లకూడదు.

మీరు అడిగే మిగతా ప్రశ్నలు

కూరగాయలను ధారగా పడే నీటి కింద చేత్తో రుద్ది కడగండి. పైన అంటుకున్న మందు కొంత పోతుంది, మొక్క లోపలికి పీల్చుకున్నది పోదు. సబ్బు వద్దు. నాన్‌స్టిక్ పెనం పొర లేచిపోతే మార్చండి, ఖాళీగా మంట మీద వదిలేయకండి. 260 డిగ్రీలు దాటితే ఆ పొర విరిగి పొగ వదలడం మొదలవుతుంది. వేడి సాంబారు క్యారీబ్యాగులో తెచ్చుకోవద్దు, గిన్నె పట్టుకెళ్లండి. పునుగులు న్యూస్‌పేపర్లో చుట్టించుకోవద్దు.

నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి. సీసం, పురుగుమందులు కాచినంత మాత్రాన పోవు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయినప్పుడు రక్త పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయి. మీ బోరు నీళ్ల మీద అనుమానం ఉంటే ఊహించుకుని ఫిల్టరు కొనకుండా ముందు ల్యాబులో పరీక్ష చేయించండి.

అపోహ: ఏదైనా తాగితే వెంటనే కక్కించాలి

ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు తాగించి తీసుకొస్తుంటారు. కక్కించకండి. యాసిడ్ పైకి వస్తూ గొంతును రెండోసారి కాలుస్తుంది. కిరోసిన్, టర్పెంటైన్ వాంతితో ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి, న్యుమోనియా వస్తుంది. బిడ్డ నోట్లో మిగిలింది తుడిచేయండి, ఒంటి మీద పడి ఉంటే బట్టలు తీసి ధారగా నీళ్లు పోయండి. మత్తుగా ఉంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు ఆ డబ్బా, సీసా, ఖాళీ ప్యాకెట్టు ఏదున్నా సంచిలో వేసుకుని రండి. లేబుల్ మీద మందు పేరు ఉంటే మాకు చికిత్స మొదలుపెట్టడంలో చాలా సమయం కలిసొస్తుంది.