నానమ్మకి అడ్డొచ్చిన ఫోన్

పెదవాల్తేరు, విశాఖపట్నం

చిన్నీ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్లో మీరడిగినదానికి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. మీ నానమ్మ ఫోన్‌తో "రేపు అరకు వెళ్లే..." అని, కిరండూల్ రైలు పేరు గుర్తురాక కాస్త ఆగిందో లేదో, అది రేపు అరకులో ఎండో వానో చదివేసింది. "నానమ్మ ఇంకా అడగనేలేదు కదా, దానికంత తొందరేంటి తాతయ్యా?" అన్నారు.

నాకు పదేళ్లప్పుడు సింహాచలంలో మా బాబాయి పెళ్లి. బంతిలో మజ్జిగ పొయ్యమని గిన్నె నా చేతికిచ్చారు. ఎవరి చెయ్యి ఆగితే వాళ్లకి పొయ్యాలన్నారు. ఒక పెద్దాయన చెయ్యి ఆగింది, పోసేశాను. ఆయన ఆగింది సాంబారు కోసం! "ఏటిరా బాబూ, పప్పన్నంలో పోసీసినావు?" అన్నాడు. బంతంతా నవ్వు. ఆ బెదురుకి తర్వాత ఎవరికీ పొయ్యలేదు, అందరూ చేతులు ఎండబెట్టుకుని కూర్చున్నారు. దానికీ తిట్లే.

ఫోన్ కష్టమూ అదే. మీ గొంతుని సెకనులో యాభయ్యో వంతు ముక్కలుగా తరుక్కుని, ఏ ముక్కలో మాటుందో, ఏ ముక్కలో లేదో చూస్తుంది. మాటలేని ముక్కలు వరసగా అర సెకనో, సెకనో వస్తే అయిపోయిందనుకుంటుంది. ఆ గడువు తగ్గిస్తే నానమ్మకి అడ్డొస్తుంది, పెంచితే మీరు "హలో, ఉన్నావా?" అంటారు. బీచ్ రోడ్డులోనైతే అలల హోరు కూడా మాటేననుకుని వింటూ కూర్చున్నా కూర్చుంటుంది.

అందుకే ఇప్పుడు విస్తట్లో ఏం మిగిలిందో చూసి పొయ్యడం దానికి నేర్పుతున్నారు. "వెళ్లే" అంటే వెనకాల రైలో బస్సో ఇంకా ఉంది. "వెళ్లి", "వెళ్తే" అన్నా అంతే. "వెళ్తాను" అంటే విస్తరి మడిచినట్టు. ఫోన్ నంబరు చెబుతూ ఐదంకెల దగ్గర ఊపిరి తీసుకుంటే ఇంకో ఐదున్నాయని దానికి తెలియాలి. గొంతు కిందికి దిగిందా, గాల్లోనే ఉందా అన్నదీ వినాలి. అయినా "వెళ్తాను... కానీ" అనే మీ నాన్నలాంటి వాళ్లతో ఏం చేస్తుంది? మడిచిన విస్తరి మళ్లీ తెరిచి గారె అడిగే రకం!

నాకు అంతకన్నా వింత మనుషులే. 10 భాషల్లో ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎడం కొలిచి 2009లో ఒక పరిశోధన వచ్చింది. సగటున సెకనులో ఐదో వంతేనట, రెప్పపాటు! బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే మనకి అర సెకను దాటుతుంది. అంటే అవతలివాళ్లు ముగించకముందే జవాబు మన నోట్లో తయారవుతోందన్నమాట. ఎలాగని అడగకండి, తాతయ్య దగ్గర దానికి పోలిక లేదు.

సంక్రాంతి సెలవులకి వస్తారుగా. పొద్దున్నే చేపలావిడ తట్ట దించి నానమ్మతో బేరమాడుతుంది. మెట్ల మీద కూర్చుని ఆవిడ చెయ్యి మాత్రమే చూడండి. నానమ్మ ధర పూర్తిగా అనకముందే అది తట్ట ఎత్తడానికి కదులుతుంది. ఏ మాట దగ్గర కదిలిందో నాకు చెప్పాలి.

మీ తాతయ్య