చెప్పుకున్న మాట ఎవరి సొత్తు?

కాలేజీలో కౌన్సెలర్ గది తలుపు దాకా వచ్చి, తట్టకుండానే వెనక్కి తిరిగే విద్యార్థులు ఉంటారు. అడిగితే చాలామంది చెప్పే భయం ఒకటే. ఇక్కడ నేను చెప్పుకున్నది ఇంకెవరికి తెలుస్తుంది? ఇంట్లోవాళ్లకా, ప్రిన్సిపాల్‌కా, వార్డెన్‌కా? ఈ భయాన్ని అపోహ అని తీసిపారేయడం నాకు నచ్చదు. ఆ గదికి జీతమిచ్చేది సంస్థ, వచ్చి గోడు చెప్పుకునేది విద్యార్థి. ఇద్దరి మేలూ ఒకటే అయినంతకాలం చిక్కు లేదు. వేరైన రోజున కౌన్సెలర్ ఎవరి వైపు నిలబడాలి? కాలేజీ కౌన్సెలింగ్‌కు దారితీసిన నూట అరవై ఏళ్ల చరిత్రలో ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ తలెత్తుతూనే ఉంది.

కథ మొదలైంది అమెరికాలో, అదీ ఒక వ్యాయామశాలలో. బాగా చదివే పిల్లలు చదువు ముగిసేలోపే ఆరోగ్యం పాడుచేసుకుంటున్నారని ఆమ్‌హెర్స్ట్ కాలేజీ అధ్యక్షుడు విలియం స్టెర్న్స్ 1850లలో ధర్మకర్తలకు పదేపదే మొరపెట్టుకున్నాడు. చివరికి వాళ్లు వ్యాయామశాల కట్టించి, 1861లో ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే వైద్యుణ్ణి ఆరోగ్యం, వ్యాయామం నేర్పే ఆచార్యుడిగా నియమించారు. ఆయన 1911లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. విద్యార్థుల ఎత్తూ బరువూ ఛాతీ కొలతలూ ఓపిగ్గా రాసిపెట్టాడు. కాలేజీ ఆరోగ్య సేవలకు ఇదే ఆరంభమంటారు. మనసు గురించి విడిగా ఆలోచించడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

ఆ ఆలోచనకు ఊపిరి పోసినవాడు డాక్టరు కాదు, జబ్బుపడి లేచినవాడు. క్లిఫర్డ్ బీర్స్ యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా, 1894లో ఆయన అన్నకు మూర్ఛ వ్యాధి వచ్చింది. అది తనకూ వస్తుందన్న భయం ఆ కుర్రవాణ్ణి పట్టుకుని వదల్లేదు. ఆ భయంతోనే తరగతులకు వెళ్లాడు, 1897లో పట్టా కూడా పుచ్చుకున్నాడు. మూడేళ్లకు మనసు పూర్తిగా చితికిపోయింది. 1900 నుంచి 1903 దాకా మూడు మానసిక చికిత్సాలయాల్లో గడిపాడు, అక్కడ దెబ్బలు తిన్నాడు, అవమానాలు పడ్డాడు. బయటికొచ్చి అదంతా 1908లో పుస్తకంగా రాశాడు. మరుసటి ఏడాది మానసిక ఆరోగ్యం కోసం ఒక జాతీయ సంఘమే ఏర్పాటు చేయించాడు. చదువుకునే రోజుల్లో ఆ భయాన్ని చెప్పుకోవడానికి ఆయనకు ఒక గది ఉండి ఉంటే అన్న ఆలోచన, ఆయన గురించి చదివినప్పుడల్లా నాకు వస్తుంది.

అలాంటి గది 1910లో ప్రిన్స్‌టన్‌లో తెరుచుకుంది. తెరిచినవాడు స్టూవర్ట్ పేటన్ అనే మానసిక వైద్యుడు. చదువులో ఏ లోటూ లేని విద్యార్థులు మనసులోని ఇబ్బందుల వల్ల కాలేజీ వదిలి పోతున్నారన్నది చరిత్రలో దాఖలైన కారణం. పేటన్‌కు పిల్లల మీద దయ లేదని నేను అనను. అయినా ఈ కారణాన్ని కాస్త ఆగి చూడాలి. విద్యార్థి చేజారిపోవడం సంస్థకు నష్టం, ఆ నష్టాన్ని ఆపడానికి ఈ సేవ. ఇద్దరి మేలూ ఒకే తీగకు చుట్టుకున్నాయి. 1914లో విస్కాన్సిన్, 1925లో యేల్ ఇదే బాట పట్టాయి.

రెండో దారి ఉద్యోగ మార్గదర్శనం నుంచి వచ్చింది. ఎవరికి ఏ వృత్తి సరిపోతుందో చెప్పే కార్యాలయాన్ని ఫ్రాంక్ పార్సన్స్ 1908లో బోస్టన్‌లో తెరిచాడు. 1932లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరీక్షల ద్వారా విద్యార్థుల శక్తిసామర్థ్యాలు అంచనా వేసే విభాగం పెట్టింది. ఆ తర్వాత యుద్ధం. 1944లో వచ్చిన చట్టం కింద ఇరవై లక్షల మందికి పైగా మాజీ సైనికులు ప్రభుత్వ ఖర్చుతో కాలేజీల్లో చేరారు. 1947లో అక్కడి కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగం మంది వాళ్లే. ఏ కోర్సు తీసుకోవాలో చెప్పడానికని క్యాంపస్‌లలో ప్రభుత్వం మార్గదర్శన కేంద్రాలు పెట్టించింది. కోర్సు అడగడానికి వచ్చినవాళ్లు అక్కడితో ఆగరు కదా! యుద్ధం చూసొచ్చినవాళ్లు. అనేక విశ్వవిద్యాలయాల్లో నేటి కౌన్సెలింగ్ కేంద్రాల మూలాలు అక్కడున్నాయి. 1945లో షికాగో విశ్వవిద్యాలయంలో కౌన్సెలింగ్ కేంద్రం నెలకొల్పిన మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ ఇంకో మాట చెప్పాడు. సలహా ఇవ్వడం కంటే, తీర్పు చెప్పకుండా వినడమే మనిషి కోలుకోవడానికి ఎక్కువ తోడ్పడుతుందని.

వినడం ఎంత గొప్ప పనో నిరూపించింది మాత్రం నిపుణులు కాని మామూలు మనుషులు. ఇంగ్లండ్‌లో చాడ్ వారా అనే చర్చి పూజారి 1935లో ఒక అమ్మాయి అంత్యక్రియలు జరిపించాడు. ఆయన చెప్పిన ప్రకారం, శరీరంలో వయసుతో సహజంగా వచ్చిన మార్పును ఏదో పాడు జబ్బనుకుని, అడగడానికి ఎవరూ లేక ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. ఆ బాధ ఆయనలో ఉండిపోయింది. 1953 నవంబరులో లండన్‌లోని తన చర్చిలో ఫోను పెట్టి, చనిపోవాలనిపిస్తే ముందు నాతో మాట్లాడండని ప్రకటించాడు. జనం రాసాగారు. ఆయన కోసం ఎదురుచూసేవాళ్లకు టీ ఇచ్చి కూర్చోబెట్టడానికి కొందరు స్వచ్ఛంద సేవకులు వచ్చేవారు. కొన్నాళ్లకు వారా ఒక విషయం గమనించాడు. చాలామంది ఆ టీ ఇచ్చినవాళ్లతో మాట్లాడి, మనసు తేలికపడి, తనను కలవకుండానే వెళ్లిపోతున్నారు. 1954లో ఆయన ఆ పని మొత్తం వాళ్లకే అప్పగించాడు. సమారిటన్స్ సంస్థ పుట్టుక ఇది.

ఇదే పద్ధతి 1970లో ఎసెక్స్ విశ్వవిద్యాలయానికి చేరి నైట్‌లైన్ అయింది. రాత్రంతా విద్యార్థులే ఫోను దగ్గర కూర్చుని తోటి విద్యార్థుల మాట వింటారు. పేరు అడగరు, ఇలా చెయ్యి అని చెప్పరు. కౌన్సెలింగ్ కేంద్రం తాళం పడే వేళకే చాలామందికి దిగులు ముదురుతుంది, ఆ వేళకు ఇది తెరుచుకుంటుంది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో విద్యార్థి భయానికి సూటిగా సమాధానం చెప్పిన ఏర్పాటు ఇదే. పేరే తెలియనప్పుడు మాట ఎవరికి చేరుతుంది?

అలాగని గోప్యతకు హద్దు ఉండకూడదా? 1969లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చికిత్స పొందుతున్న ఒక విద్యార్థి, ఒక యువతిని చంపాలనుందని తన సైకాలజిస్టుకు చెప్పాడు. ఆయన క్యాంపస్ పోలీసులకు తెలియజేశాడు. వాళ్లు ఆ విద్యార్థిని పట్టుకుని, మాట్లాడి, మామూలుగానే ఉన్నాడని వదిలేశారు. సైకాలజిస్టు పైఅధికారి ఇక ఏ చర్యా వద్దన్నాడు. ఆ యువతికి గానీ ఆమె తల్లిదండ్రులకు గానీ ఎవరూ చెప్పలేదు. అక్టోబరులో ఆమె హత్యకు గురైంది. ఆమె తల్లిదండ్రులు వేసిన, టారాసాఫ్ కేసుగా పేరుపడిన దావాలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో తుది తీర్పిచ్చింది. ప్రజలకు ప్రమాదం మొదలైన చోట గోప్యత రక్షణ ముగుస్తుందని, ఆపదలో ఉన్న మనిషిని కాపాడేందుకు తగిన చర్య తీసుకోవాల్సిన బాధ్యత చికిత్స చేసేవారిదని చెప్పింది. ఎదుటివాళ్లకు గానీ మీకు గానీ ప్రాణాపాయం ఉంటే తప్ప మీ మాట బయటికి పోదు అని కౌన్సెలర్లు మొదటి రోజే చెప్పడం వెనక ఈ తీర్పు నీడ ఉంది. ఆ వాక్యం విని భయపడేవాళ్లున్నారు. నిజానికి అది హద్దు ఎక్కడుందో ముందే చూపించడం.

మరి ప్రమాదం విద్యార్థి ప్రాణానికే అయితే? 1984లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఒక కఠిన నియమం పెట్టింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన, లేదా ఆ మాట అన్న విద్యార్థి తప్పనిసరిగా 4 సార్లు నిపుణుల దగ్గర కూర్చోవాలి. బలవంతపు సాయమేమిటని అభ్యంతరాలొచ్చాయి. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు బాగా తగ్గిందని ఆ కార్యక్రమం నడిపినవాళ్లు లెక్క చూపారు. బలవంతం నాకూ నచ్చదు. కానీ ఆ నియమం విద్యార్థిని క్యాంపస్‌లోనే ఉంచి మాట్లాడించింది, బయటికి పంపలేదు. ఈ తేడా ముఖ్యం.

ఈలోగా గది ముందు వరుస పెరిగింది. కేన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం 13 ఏళ్లలో కౌన్సెలింగుకు వచ్చిన 13,257 మంది వివరాలు పరిశీలించి 2003లో ప్రచురించింది. 1994కు ముందు ఎక్కువమంది ప్రేమలూ స్నేహాల చిక్కులతో వచ్చేవారు, తర్వాత ఆందోళన, ఒత్తిడి ముందుకొచ్చాయి. కుంగుబాటుతో వచ్చేవారు రెట్టింపయ్యారు. అమెరికాలో 2009 - 2015 మధ్య విద్యార్థుల సంఖ్య 5 శాతం పెరిగితే, కౌన్సెలింగుకు వచ్చేవాళ్లు 30 శాతానికి పైగా పెరిగారు. ఇది ఒక్క దేశం సంగతి కాదు. 8 దేశాల్లోని 19 కాలేజీల మొదటి ఏడాది విద్యార్థుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన సర్వే 2018లో వెలువడింది. ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా ఏదో ఒక దశలో మానసిక సమస్య లక్షణాలు ఎదుర్కొన్నారని తేలింది. 1,000 నుంచి 1,500 మందికి ఒక కౌన్సెలర్ ఉండాలన్న ప్రమాణాన్ని అందుకోలేని చోట నిరీక్షణ జాబితాలు, ఇన్నిసార్లే రావాలన్న పరిమితులు, ఒక్కొక్కరి బదులు బృందాలుగా కూర్చోబెట్టడం మొదలయ్యాయి.

చివరిగా మళ్లీ యేల్ దగ్గరికి రావాలి. మానసిక సమస్యలున్నాయని చెప్పిన విద్యార్థులను చదువు మానుకుని వెళ్లిపొమ్మని విశ్వవిద్యాలయం ఒత్తిడి చేస్తోందని, ఇది వివక్ష అని, 2022 నవంబరులో విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ కలిసి ఫెడరల్ కోర్టుకెక్కారు. కోలుకున్నాక మళ్లీ చేరాలంటే అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. దావా నడుస్తుండగానే 2023 జనవరిలో యేల్ ‘చదువు మానుకోవడం’ అన్న మాట తీసేసి దాన్ని సెలవుగా మార్చింది, సెలవులో ఉన్నవాళ్లకు ఆరోగ్య బీమా కొనసాగే వీలు కల్పించింది. ఆగస్టులో రాజీ కుదిరింది. అందులో ఒక అంశం, అవసరమైనవాళ్లు క్యాంపస్‌లోనే ఉంటూ తక్కువ సబ్జెక్టులతో చదువు కొనసాగించుకోవచ్చునని.