హుడ్ కింద పరీక్ష: అపోహలు - వాస్తవాలు

మాది బల్లార్షా. అమెరికాలో కొన్నేళ్లు ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ (బయటికి చూడకుండా డయల్స్ చూసే విమానం నడపడం) నేర్పి, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. రాజురా, సిరొంచ వైపు నుంచి ఫ్లయింగ్ నేర్చుకోవడానికి అక్కడికి వెళ్లే పిల్లలు బయలుదేరే ముందు ఒకసారి వచ్చి కూర్చుంటారు. దీనికి ఇచ్చే అర్హత, అంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, దాని పరీక్ష గురించి వాళ్ల నోట వినేవే ఇవి. నియమాలు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏవి.

అపోహ: "చలికాలం పేపర్ మిల్లు దగ్గర పొగమంచులో బండి నడిపినోణ్ణి, మబ్బు నాకేం లెక్కన్నా?"

మంచులో ఏమీ కనబడకపోతే బండి ఆపి కాలు కింద పెట్టొచ్చు. పైన ఆ వీలు లేదు, పైగా చెవి అబద్ధం చెబుతుంది. ఆ మాటన్న తమ్ముణ్ణే మా ఇంట్లో తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, నెమ్మదిగా ఎడమకు తిప్పుతూ పోయాను. అర నిమిషానికి "ఆపేశావా అన్నా?" అన్నాడు. కుర్చీ తిరుగుతూనే ఉంది. తీరా నిజంగా ఆపితే "ఇప్పుడు కుడికి తిప్పుతున్నావ్" అంటూ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. మలుపు ఒకే వేగంతో సాగితే లోపలి చెవిలోని ద్రవం కాసేపటికి దానికి సర్దుకుంటుంది, ఇక కదలిక తెలియదు. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఈ శిక్షణ లేని 20 మంది పైలట్లకు బయట ఏమీ కనబడకుండా చేసి నడపమన్నారు. అందరికీ విమానం అదుపు తప్పింది, సగటున 178 సెకన్లలో.

పరీక్షకు నిజం మబ్బే ఉండాలని లేదు. హుడ్ అంటే బయటి చూపును కప్పేసే తలతొడుగు, అది తగిలించుకుంటే డయల్స్ తప్ప ఏమీ కనబడవు. బయటికి ఎగ్జామినర్ చూస్తుంటారు.

అపోహ: ఉండాల్సిన ఎత్తు నుంచి 100 అడుగులు దాటితే ఫెయిలే.

ఎత్తులో 100 అడుగులు, దిశలో 10 డిగ్రీలు, వేగంలో 10 నాట్లు. హద్దులు ఇవే. పదేపదే దాటినా, దాటాక వెంటనే సరిదిద్దకపోయినా పోతుంది. నా పరీక్షలో హోల్డింగ్ (గాల్లో ఒకేచోట చుట్లు తిరుగుతూ ఆగడం) చేస్తూ, చార్టు మడతపెట్టే ధ్యాసలో 130 అడుగులు పైకి పోయాను. "130 ఎక్కువ, దిగుతున్నా" అని పైకే అన్నాను. ఎగ్జామినర్ పెన్ను తీసి ఏదో రాసుకున్నారు. నా పని అయిపోయిందనుకున్నా. తర్వాత చూస్తే, ఆ కాగితం మీద ఉన్నది పెట్రోలు ట్యాంకు మార్చాల్సిన టైమ్!

కానీ నాన్‌ప్రెసిషన్ అప్రోచ్‌లో, అంటే దిగే వాలును పరికరం చూపించకుండా రన్‌వే వైపు దిగేటప్పుడు, కనీస ఎత్తు దగ్గర ఈ దయ లేదు. రన్‌వే కనబడకుండా ఒక్క అడుగు కూడా కిందికి పోకూడదు. కనబడకపోతే పైకి లేచి వెళ్లిపోవాలి. దాన్ని ఓటమి అనుకునేవాళ్లు చాలామంది. ఈ మిస్డ్ అప్రోచ్ పరీక్షలో చేసి చూపించాల్సిన అంశమే.

"జీపీఎస్, ఆటోపైలట్ ఉన్నాయి కదా" అనేవాళ్లకు ఒక్క మాట: ప్రధాన పరికరాలు పోయినట్టుగా ఒక అప్రోచ్ చేయాల్సిందే.

చాలామందికి టెన్షన్ గాల్లో. నా అనుభవంలో చిక్కులు నేల మీదే. నా స్టూడెంట్ ఒకరి లాగ్‌బుక్‌లో వీఓఆర్ (నేల మీది రేడియో కేంద్రాన్ని బట్టి దిశ చూపే పరికరం) తనిఖీ 34 రోజుల కిందటిది. 30 రోజులు దాటకూడదు. ముందురోజు రాత్రి చూశాం కాబట్టి సరిపోయింది.

ఒకసారి పాసైతే చాలనేది ఇంకో అపోహ. అమెరికాలో రేటింగ్‌కు గడువు లేదు, కానీ గత 6 నెలల్లో 6 అప్రోచ్‌లు, హోల్డింగ్ చేసి ఉండకపోతే దాన్ని వాడుకోలేరు. మన దేశంలో 12 నెలలకోసారి మళ్లీ పరీక్ష ఇవ్వాలి. పరీక్ష కాగానే హుడ్‌ను జూనియర్‌కు అమ్మేసి, ఆర్నెల్లకు మళ్లీ కొనుక్కున్నవాణ్ణి చూశాను.