సర్వీస్ కోఆర్డినేటర్ పనిలో నీతి: కొన్ని అపోహలు, వాస్తవాలు

వైకల్యం ఉన్నవారికి థెరపీ, సహాయకులు, పరికరాలు, ఉద్యోగ శిక్షణ ఎక్కడెక్కడ దొరుకుతాయో చూసి, అన్నీ ఒక తాటి మీదికి తెచ్చేది సర్వీస్ కోఆర్డినేటర్. ఈ పనిలో నీతి తప్పడమంటే డబ్బు తినడమేనని చాలామంది అనుకుంటారు. అదీ ఉంటుంది, కాదనను. కానీ నేను చూసినంతలో తప్పులు ఎక్కువగా జరిగేది మేలు చేసేద్దామన్న తొందరలోనే.

అపోహ: ఇంట్లోవాళ్లు సరేనంటే సమ్మతి వచ్చినట్టే.

వాస్తవం: పెద్దవాళ్ల విషయంలో సరేననాల్సింది ఆ మనిషే. "వాడికేం తెలుసండీ, నన్నడగండి" అంటుంది తల్లి. ప్రేమతోనే అంటుంది. మనం కూడా ఆవిడ వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెడితే మాత్రం, ఎదురుగా కూర్చున్న 30 ఏళ్ల మనిషి ఆ గదిలో లేనట్టే. నోట మాట రాకపోయినంత మాత్రాన మనసులో ఇష్టాయిష్టాలు లేకుండా పోవు. బొమ్మల కార్డులు, సైగల భాష, తేలిక మాటల్లో రాసిన కాగితం, ఆలోచించుకోవడానికి ఇంకో రెండు రోజులు, పక్కన తను నమ్మే మనిషి... ముందు ఇవన్నీ చేసి చూడాలి.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, 12వ అధికరణంలో ఇదే చెబుతుంది: చట్టం ముందు వీళ్లూ అందరితో సమానం, ఆ హక్కును వాడుకోవడానికి కావలసిన సాయం అందాలి. 2014లో ఆ ఒడంబడిక కమిటీ దీన్ని వివరిస్తూ, ఎంత ప్రయత్నించినా ఇష్టం తెలియని చోట "ఈయనకు ఏది మంచిది" అని కాకుండా "ఈయనైతే ఏది కోరుకునేవారు" అని వెతకమంది. మొదటి ప్రశ్నకు జవాబు ఆఫీసులో కూర్చుని చెప్పేయొచ్చు. రెండోదానికి ఆయన ఇన్నేళ్లూ దేన్ని ఇష్టపడ్డారో, దేన్ని తోసేశారో తెలిసినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లాలి.

అపోహ: ప్రమాదం ఉందనిపిస్తే వద్దనడం మన బాధ్యత.

వాస్తవం: ఒంటరిగా బస్సెక్కుతానంటే వద్దనడం సులువు, మనకు ఏ మాటా రాదు. మేధో వైకల్యం ఉన్నవారి గురించి రాస్తూ రాబర్ట్ పెర్‌స్కే 1972లోనే 'డిగ్నిటీ ఆఫ్ రిస్క్' అన్నారు. తెలిసి సాహసం చేసే అవకాశంలోనే మనిషి గౌరవం ఉందని దాని భావం. నాలుగు రోజులు తోడు వెళ్లి దారి చూపించండి, దారి తప్పితే ఎవరికి ఫోన్ చేయాలో నేర్పండి. అయితే ఎవరో కొడుతున్నా, ఆయన డబ్బు లాక్కుంటున్నా అది ఆయన ఎంచుకున్న సాహసం కాదు. అక్కడ ఊరుకోకూడదు. ఆయన చెప్పినవి రహస్యంగా ఉంచుతామన్న మాటకు ఇదొక హద్దని మొదటి రోజే చెప్పి ఉంచాలి.

అపోహ: తెలిసిన సంస్థకు పంపితే తప్పేముంది, పని త్వరగా అవుతుంది కదా.

వాస్తవం: కమీషన్ తీసుకోకపోయినా, ఆ సంస్థ మనదో మనవాళ్లదో అయితే ముందే చెప్పాలి. వేరేవాటి పేర్లూ ఇవ్వాలి. అంతే.

అపోహ: ఫైలు మన మధ్యే ఉంటుంది, ఏం రాసినా పర్లేదు.

వాస్తవం: ఫైలు మనిషికన్నా ముందే ఊళ్లు తిరుగుతుంది. ఒక యువకుడు శిక్షణకు రావడం మానేస్తే 'సహకరించడం లేదు' అని రాసి పడేశాను. అది చదివిన తరవాతి సంస్థ అతన్ని చేర్చుకోలేదు. ఆనక తీరిగ్గా అడిగితే తెలిసింది, శిక్షణ కేంద్రంలోని మరుగుదొడ్డిలోకి అతని వీల్‌చైర్ పట్టదట. పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా కూర్చునేవాడట. నేను అడగకుండానే రాశాను.

ఎవరికి ఎంత పంపాలన్నదీ ఇలాంటిదే. వీల్‌చైర్ తయారుచేసేవాళ్లకు కొలతలు కావాలి, మానసిక చికిత్స వివరాలెందుకు? వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు పెట్టడం గురించి మొదలుపెడితే ఇప్పట్లో ఆపను, వదిలేద్దాం.

ఇప్పుడు నేను చూసింది ఒక వరసలో, వాళ్లు చెప్పింది ఇంకో వరసలో రాసి, ఫైలు మూసేముందు చదివి వినిపిస్తున్నాను. ఒకావిడ గురించి 'భర్త సాయం లేకుండా స్నానం చేసుకోలేరు' అని రాసుకున్నాను. విని నవ్వింది. "చేసుకోలేక కాదండీ, పట్టుకోవడానికి అక్కడ కడ్డీ లేదు" అంది. కడ్డీ బిగించిన రోజున ఆ వాక్యం కొట్టేశాను.